సవరణ: ముందు 15-0 సాధించింది క్లెమ్సన్

నిన్న 2019 ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి రాస్తూ, ఆధునిక కాలంలో ఓటమి లేకుండా 15 మ్యాచ్‌లు గెలిచిన మొదటి అమెరికన్ కాలేజీ జట్టు అదేనన్నాను. అది తప్పు, క్షమించండి. అంతకుముందు సీజన్‌లోనే, 2018లో, క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టు 15-0తో (15 గెలుపులు, ఒక్క ఓటమీ లేకుండా) ముగించింది, అదీ ఫైనల్లో అలబామాను 44-16తో చిత్తుగా ఓడించి.

అయినా ఎల్‌ఎస్‌యూ సీజన్ మీద నా అభిప్రాయం మారలేదు. సెమీఫైనల్లో ఓక్లహోమా మీద ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) జో బరో ఒక్క ఫస్ట్ హాఫ్‌లోనే 7 టచ్‌డౌన్ పాస్‌లు (నేరుగా స్కోరు తెచ్చే పాస్‌లు) వేశాడు, సీజన్ మొత్తానికి 60! వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన అదే క్లెమ్సన్‌ను 2020 జనవరి 13న న్యూ ఆర్లీన్స్‌లో 42-25తో ఆపింది కూడా వీళ్లే. పాత పోస్టులో ఆ వాక్యం దిద్దాను.