గోడ మీది బొమ్మ, గోడ వెనుక కుర్చీ

ఫిలడెల్ఫియా పాత పేటల్లో ఇళ్ళన్నీ ఒకదానినొకటి ఆనుకుని వరుసగా ఉంటాయి. మధ్యలో ఒక ఇల్లు కూలిపోతే, పక్క ఇంటి గోడ కిటికీ అయినా లేకుండా మూడంతస్తుల ఎత్తున బోసిగా బయటపడుతుంది. ఆ నగరానికి పేరు తెచ్చిన కుడ్యచిత్రాలలో చాలా వాటికి అటువంటి గోడలే చోటిచ్చాయి. 1984లో గోడల మీది రాతలను అరికట్టడానికి నగర ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమంలో చేరిన చిత్రకారిణి జేన్ గోల్డెన్, ఆ రాతలు రాసే కుర్రవాళ్ళకే కుంచెలు ఇచ్చి బొమ్మలు వేయించారు. ఆ పని నేడు 4,000కు పైగా చిత్రాలుగా విస్తరించింది. ఇటువంటి గోడ మీద నల్లజాతి పేటలోని పాత క్షౌరశాలను చిత్రించే ప్రయత్నం ఇక్కడ అమెరికాలో మనకు దగ్గరలో ఎక్కడ జరిగినా మన తెలుగు సంఘం విరాళం ఇవ్వాలని, అయితే ఆ విరాళంలో కొంత భాగం బొమ్మకు కాక షాపుకే చేరాలని నా అభిప్రాయం.

నల్లజాతి పేటలో క్షౌరశాల అంటే జుట్టు కత్తిరించుకుని వెళ్ళిపోయే చోటు మాత్రమే కాదు. 1858లో బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ అట్లాంటాలోని పీచ్‌ట్రీ వీధిలో స్ఫటిక దీపాలు వేలాడే గొప్ప క్షౌరశాల నడిపారు. అందులో పనివారంతా నల్లవారు, కుర్చీలో కూర్చునేవారంతా తెల్లవారు. తన జాతివారు కూర్చోవడానికి వీలులేని ఆ కుర్చీల ఆదాయంతోనే ఆయన 1905లో, నల్లవారి కోసం అట్లాంటా లైఫ్ బీమా సంస్థగా ఎదిగిన వ్యాపారానికి పునాది వేశారు. తరువాతి తరాలలో నల్లజాతి పేటల్లో సొంతవారి కోసమే వెలసిన క్షౌరశాలలు, తాము పనిచేసే చోటి యజమాని చెవిన పడుతుందన్న భయం లేకుండా మనసు విప్పి మాట్లాడుకునే చోట్లయ్యాయి.

ఆ నమ్మకం ఎంత బలమైనదో 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంకెలతో చూపించింది. డాక్టర్ రోనాల్డ్ విక్టర్ నాయకత్వంలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 52 క్షౌరశాలలలో, రక్తపోటు ఎక్కువగా ఉన్న 319 మంది నల్లజాతి పురుషులను పరిశీలించారు. కొన్ని షాపులకు ఫార్మసిస్టులే వచ్చి, అక్కడే రక్తపోటు చూసి, వైద్యులతో కలిసి మందులు సరిచేశారు. మిగిలిన షాపులలో క్షురకులు అలవాట్లు మార్చుకోమని, డాక్టరును కలవమని చెప్పారు. ఆరు నెలల్లో మొదటి వర్గంలో పై రక్తపోటు సగటున 27 పాయింట్లు తగ్గగా, రెండవ వర్గంలో సుమారు 9 పాయింట్లు తగ్గింది. ఆసుపత్రి గడప తొక్కడానికి వెనుకాడే మనిషి తన క్షురకుడి మాట వింటాడు. అందుకే చిత్రంలో ప్రముఖుల ముఖాల కంటే ముందు ఆ క్షురకుడి చేతులు కనిపించాలంటాను: మెడ వెనుక గీత తిన్నగా వచ్చేలా కత్తి ఆనించిన వేళ్ళు, చిన్నపిల్లవాడి తల కదలకుండా పట్టుకున్న అరచెయ్యి, భుజానికి రక్తపోటు పట్టీ చుట్టించుకుంటున్న మనిషి.

ఫిలడెల్ఫియా పద్ధతిలో అది పేటవారే వేయగల బొమ్మ కూడా. చిత్రాన్ని ఐదేసి అడుగుల చదరాలుగా విడదీసి, పల్చని గుడ్డ మీద గీతలు గీసి, ఏ భాగంలో ఏ రంగో అంకెలతో గుర్తిస్తారు. కుంచె ఎన్నడూ పట్టనివారు కూడా బడిలోనో, వృద్ధుల కేంద్రంలోనో కూర్చుని వాటిని నింపవచ్చు. తరువాత ఆ గుడ్డలను ప్రత్యేకమైన జిగురుతో గోడకు అతికిస్తారు. మన సంఘం పిల్లలు ఒక శనివారం ఆ పేట పిల్లల పక్కన కూర్చుని ఒక చదరం నింపితే, చెక్కు పంపి ఊరుకోవడం కంటే అది ఎంతో మేలు.

ఈ విషయంలో మనకు ప్రత్యేకమైన బాధ్యత ఉందని నమ్ముతున్నాను. మన పల్లెల్లో నాయీ బ్రాహ్మణులు క్షౌరం ఒక్కటే చేయలేదు. గాయాలకు కట్లు కట్టారు, పుండ్లు కోసి మందు వేశారు, ఆ ఇళ్ళ ఆడవారు కాన్పులు చేశారు. పెళ్ళిలో తాళి కట్టే వేళ మోగే సన్నాయి, డోలు వారివే. ఏడాది పొడవునా చేసిన పనికి కళ్ళంలో కొలిచిన గింజలే జీతంగా తీసుకున్న ఆ కుటుంబాలను ఊరు సరిసమానంగా కూర్చోనివ్వలేదు. ఇక్కడి మన సభా మందిరాల గోడల మీద అమరావతి శిల్పాలు, కూచిపూడి భంగిమలు ఉంటాయి గానీ వారి బొమ్మ నేను ఎక్కడా చూడలేదు. ఇంకొకరి క్షౌరశాలకు గౌరవం చేసే ముందో, చేసిన వెంటనేనో, మన గోడ మీద కూడా వారికి చోటివ్వడం న్యాయం.

ఇక షరతు సంగతి. చాలామంది క్షురకులు అద్దె షాపుల్లోనే పనిచేస్తారు. పేటకు కొత్త డబ్బు వచ్చినప్పుడు అద్దె పెరిగి ముందుగా ఖాళీ చేయవలసి వచ్చేది వారే. ఖాళీ స్థలంలో కొత్త భవనం లేచి పక్క గోడ మీది చిత్రం కనబడకుండా పోవడం ఫిలడెల్ఫియాకు కొత్త కాదు. షాపు పోయి బొమ్మ మాత్రం మిగిలితే, దానిని చూడడానికి వచ్చేవారి వల్ల లాభపడేది భవన యజమానే గాని క్షురకుడు కాదు. కనుక మన విరాళాన్ని రెండుగా పంచాలి. సగం రంగులకు, చిత్రకారుల వేతనానికి. మిగతా సగం షాపు అద్దె ఒప్పందాన్ని కొన్నేళ్ళపాటు పొడిగించుకోవడానికి, పాత కుర్చీల మరమ్మతుకు. గోడ మీద ఏ ముఖం ఉండాలో, ఏ మాట రాయాలో నిర్ణయించే సమావేశంలో ఆ షాపు యజమానికి మొదటి మాట ఉండాలని కూడా విరాళపత్రంలో రాయాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ రెండు అంశాలను తీర్మానంగా ప్రవేశపెట్టవలసిందిగా కార్యవర్గ సభ్యులను కోరుతున్నాను.