నాలుగు మీటర్ల తలరాత

పోయిన ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగాను. ఒక్కో కారు దగ్గరా వంగి, ముందు బంపర్ నుంచి వెనక బంపర్ దాకా కొలిచి, పాలవాడి లెక్కల పుస్తకంలో రాసుకుంటూ పోతున్నాను. వాచ్‌మన్ కాసేపు దూరం నుంచి చూసి, దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏంది సార్, హైడ్రాలో గిట్ల చేరిన్రా?"

అక్రమ కట్టడాలు కూల్చే హైడ్రా పుణ్యమా అని, కొండాపూర్‌లో ఎవరైనా టేపు బయటికి తీస్తే చుట్టుపక్కలవాళ్లకి గుండె దడ మొదలయ్యే రోజులివి. కూల్చడానికి కాదయ్యా, పరిశోధనకి అని నచ్చజెప్పి పంపాను.

ఫలితాలు నన్నే నివ్వెరపరిచాయి. మొదటి కారు 3,995 మిల్లీమీటర్లు. దాని పక్కన కొరియా కంపెనీది, 3,995. దాని ఎదురుగా జపాను కంపెనీది, అదీ 3,995. మనవాళ్లది ఒకటి కాస్త సిగ్గుపడి 3,990 దగ్గర ఆగింది. నా టేపు సాగిందేమోనని అనుమానమొచ్చి బ్రోషర్లు తిరగేశాను. టేపుది తప్పు కాదు. ఒక తల్లికి కవలలు పుట్టడం విన్నాం గానీ, వేర్వేరు దేశాల్లో మొదలైన కంపెనీల కడుపున వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే కొలత పిల్లలు పుట్టడం ఎక్కడైనా విన్నామా?

దీనికి సమాధానం ఇంజనీరింగ్ పుస్తకాల్లో దొరకదు, 2006 బడ్జెట్‌లో దొరుకుతుంది. ఆ ఏడాది చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కి దించారు. చిన్న కారంటే ఏమిటో కూడా వాళ్లే చెప్పారు. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజనైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500. అంతే. ఆ సాయంత్రం నుంచి మన కార్ల రూపశిల్పి ఇటలీలో ఉండడం మానేసి ఢిల్లీ నార్త్ బ్లాక్‌లో, ఆర్థిక శాఖలో ఏదో ఒక బల్ల వెనక కూర్చున్నాడు. నాలుగు తలల బ్రహ్మ మన నుదుటి మీద రాస్తాడు. ఈ నాలుగు మీటర్ల బ్రహ్మ కారు డిక్కీ మీద రాశాడు.

రాత రాసింది ఢిల్లీలో, కోత పడింది ఫ్యాక్టరీల్లో. 2008లో టాటావారి ఇండిగో ముందు ఆపరేషన్ బల్ల ఎక్కి, సీఎస్ అనే తోకతో, నిజానికి తోక లేకుండా, 3,988 మిల్లీమీటర్లతో బయటికొచ్చింది. మారుతి డిజైర్ పుట్టినప్పుడు 4,160 మిల్లీమీటర్ల ఆరోగ్యవంతమైన బిడ్డ. 2012లో దాన్ని 3,995కి కుదించారు. ముందునుంచి చూస్తే కళకళలాడే పెళ్లికొడుకు, వెనక్కి తిరిగితే పంచె చాలని పెళ్లికొడుకు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ అయితే 3,999 దగ్గర ఊపిరి బిగబట్టింది. (నాదీ కోత పడిన డిక్కీయే. అందుకే ఈ రాతలో కాస్త బాధ కనిపిస్తే మన్నించాలి.)

నేను దీన్ని విమర్శిస్తున్నానని అనుకునేరు. కాదు. కార్ల పిచ్చి ఉన్నవాడిగా నాకున్నది భక్తి. సినిమా హీరోకి కటౌట్ కడతాం, రాజకీయ నాయకుడికి ఫ్లెక్సీ కడతాం, రోడ్డు మీద పోయే లక్షల కార్లకి రూపమిచ్చిన ఆ అజ్ఞాత సెక్షన్ ఆఫీసర్‌కి ట్యాంక్‌బండ్ మీద ఒక్క విగ్రహం పెట్టలేమా? కుడిచేతిలో టేపు, ఎడమచేతిలో రంపం. ఎత్తు మాత్రం 3,995 మిల్లీమీటర్లకు మించకూడదు. మించితే విగ్రహానికీ పై శ్లాబు పడుతుంది.

అయితే మహానుభావుడు ఒక్కచోట తడబడ్డాడు. పొడవు రాశాడు, వెడల్పు సంగతి మరిచిపోయాడు. జపాన్‌లో కేయి కార్లని ఉన్నాయి. 3.4 మీటర్ల పొడవు, 1.48 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, 660 సీసీ ఇంజన్. వాళ్లు అన్ని వైపులా కొలిచి కంచె వేశారు. మన టేపు ఒక్క దిక్కుకే సాగింది. పన్ను లేని దిక్కుకు కారు పెరగడమూ, గోడ లేని వైపుకు గుమ్మడిపాదు పాకడమూ ఒకటే. మారుతి 800 వెడల్పు 1,440 మిల్లీమీటర్లు. ఈ రోజు 'కాంపాక్ట్' అని పేరు పెట్టుకున్న ఎస్‌యూవీల్లో 1,800 దాటినవి ఉన్నాయి. కాంపాక్ట్ అంటే పక్కనుంచి చూసినప్పుడన్నమాట.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లోనో, చిక్కడపల్లిలోనో, చార్మినార్ వెనక గల్లీల్లోనో రెండు కార్లు ఎదురుపడి ఇరుక్కున్నాయంటే అది పొడవు వల్ల కాదని లూనా నడిపినవాడికి కూడా తెలుసు. ఇద్దరూ అద్దాలు మడుచుకుని, దణ్ణం పెట్టుకున్నట్టు ముడుచుకుని, అంగుళం అంగుళం జరుగుతుంటే పైనుంచి బాల్కనీల్లో జనం "ఆనేదే, ఆనేదే, బస్!" అని సాయం చేస్తుంటారు. ఆ గల్లీలో చిక్కు వెడల్పుది, పన్ను పొడవుది. జలుబు చేస్తే మోకాలికి కట్టు కట్టడమంటే ఇదే.

2017లో జీఎస్టీ వచ్చాక వ్యవహారం సాహిత్యంలోకి కూడా దిగింది. ఎస్‌యూవీ అంటే ఏది? నాలుగు మీటర్లు దాటాలి, 1,500 సీసీ దాటాలి, నేలకూ కారు కడుపుకూ మధ్య కనీసం 170 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. వీటన్నిటికీ తోడు 'జనం ఎస్‌యూవీ అని పిలిచేది' అయి ఉండాలట! పన్ను చట్టంలో ముద్దుపేరుకి చోటిచ్చిన దేశం మనది. తర్వాత ఆ ఖాళీని మనుషులు ఎక్కాక కొలవాలా, ఎక్కకముందా అని ధర్మసందేహం వచ్చింది. మా బావమరిది కుటుంబం ఎక్కితే ఎంతటి ఎస్‌యూవీ అయినా సెడాన్ అయిపోతుంది కాబట్టి సందేహం న్యాయమైనదే. 2023 జులైలో జీఎస్టీ మండలి కూర్చుని, ఎవరు ఏ పేరుతో పిలిచినా సరే, ఖాళీ బండినే కొలవాలని తేల్చింది. మా కాలనీ స్పీడ్‌బ్రేకర్ మాత్రం ఇప్పటికీ నిండు బండినే కొలుస్తోంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త రేట్లొచ్చాయి. సెస్సు పోయింది, చిన్న కారుకి 18 శాతం, గీత దాటితే 40. పెద్ద ఎస్‌యూవీలకి ఇంతకుముందు 50 దాకా ఉండేది కాబట్టి అందరం దీపావళి ముందే వచ్చిందని సంబరపడ్డాం. నేను ఒక షోరూంలో కూర్చుని కాగితం మీద వేరే లెక్క వేశాను. 2006లో గీతకి ఇటూ అటూ తేడా 8 శాతం. ఇప్పుడు 22. ఫ్యాక్టరీలో ఎనిమిది లక్షలకు తయారైన కారు ముక్కు ఒక్క మిల్లీమీటర్ గీత దాటిందనుకోండి, ఆ మిల్లీమీటర్ ఖరీదు 1,76,000 రూపాయలు. బంజారాహిల్స్‌లో కూడా జాగా ఈ రేటుకి అమ్ముడుపోదు. సేల్స్ కుర్రాడికి ఈ మాట చెబితే, "సార్, యాక్సెసరీస్ ఫ్రీ ఇప్పిస్తా" అన్నాడు. ఏమిటవి అంటే, బంపర్‌కి బిగించే గార్డు.

కరెంటు కారుకి ఈ రాతలేవీ వర్తించవు. రైలుపెట్టెంత పొడుగున్నా జీఎస్టీ 5 శాతమే. పైగా మన రాష్ట్రంలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను కూడా లేదు.

కేంద్రం డిక్కీ కోసుకుపోతే రాష్ట్రాలు చూస్తూ ఊరుకుంటాయా? వాటికి మిగిలింది నంబర్ ప్లేటు. మా పెదనాన్నగారింట్లో మూడు కార్లున్నాయి. తాతది ఏపీ, కొడుకుది టీఎస్, మనవడిది టీజీ. 2014లో ఒకసారి, 2024 మార్చిలో ఇంకోసారి అక్షరాలు మారాయి. బండి అదే, రోడ్డు అదే, గుంత కూడా అదే. ఆ ఇంటి గేటు ముందు నిలబడితే రాష్ట్ర చరిత్ర పుస్తకం కొనక్కర్లేదు. కొత్త అక్షరాలు వచ్చిన ఏడాదే ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏలో 9999 నంబరు పాతికన్నర లక్షలు పలికింది. నా కారుని దాని డిక్కీతో, నాతో సహా అమ్మినా అంత రాదు. ప్లేటుకి పొడవు పన్ను లేదు మరి.

మనసు కుదుటపడటానికి నేను అప్పుడప్పుడూ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తుంటాను. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోవాలనుకున్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. ఎవరూ కోయని డిక్కీ, ఎవరూ దించని ముక్కు. సింహాసనంలాంటి సీటు. ప్రభుత్వమూ కొనుగోలుదారుడూ ఒక్కరే అయితే కారు ఎంత అందంగా వస్తుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. అలవాటుకొద్దీ జేబులోంచి టేపు తీశాను. "హాత్ నక్కో లగావ్ సాబ్" అన్నాడు కాపలాదారు.

అసలు సెల్లార్‌లో కొలతలు ఎందుకు మొదలయ్యాయో చెప్పనేలేదు. రెండు పిల్లర్ల మధ్య నాలుగున్నర మీటర్ల జాగాలో నా కారు, పక్క ఫ్లాటాయన కారు నిలబడాలి. ఆయన వాణిజ్య పన్నుల శాఖలో రిటైరయ్యారు. పోయిన నెల కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నారు, నిమ్మకాయలు తొక్కించి తెచ్చారు, మాకు లడ్డూలు కూడా పంపారు. ఆ రోజు నుంచి నా వైపు తలుపు జానెడు కంటే తెరుచుకోదు. పొట్ట లోపలికి పీల్చి, ఎడమ సీటు మీదుగా గేరు రాడ్డు దాటుకుని దిగుతున్నాను.

ఆదివారం నేను చివరగా ఆయన కారు దగ్గర వంగి ఉండగా, నడకకు వెళ్లొచ్చిన ఆయనే వచ్చి నిలబడ్డారు.

"ఏం కొలుస్తున్నారండీ?"

"మీ కారు వెడల్పండీ."

ఆయన నన్ను జాలిగా చూసి, "దానికి పన్ను లేదు కదండీ" అని లిఫ్టు వైపు నడిచారు.