అమ్మ అని రాయడానికి రెండో ఏడాది దాకా ఆగాలా?

అమెరికాలోని మన వారాంతపు తెలుగు బడుల్లో చాలా చోట్ల పాఠం ఒకే వరుసలో నడుస్తుంది. ముందు అచ్చులు, తర్వాత హల్లులు, ఆపైన గుణింతాలు, అవన్నీ అయ్యాక ఒత్తులు. మనమూ అలాగే నేర్చుకున్నాం కాబట్టి ఆ వరుస మీద ఎవరికీ అనుమానం రాదు. కానీ ఇంట్లో పిలుపులు ఒక్కసారి చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, పిన్ని, మామయ్య, అమ్మమ్మ, నాయనమ్మ. తాత, బావ, వదిన లాంటి కొన్ని తప్ప మిగతావన్నీ ఒత్తుతో ఉన్నవే. పిల్లలు రోజూ నోరారా పిలిచే పిలుపులను రాయడానికి రెండో ఏడాది దాకా ఆగాలన్నమాట. ఈలోగా గుణింతమూ ఒత్తూ లేని మాటలు వెతికి పట్టుకుని ఈక, ఊక, అరక అని చదివిస్తాం. డాలస్‌లో పుట్టిన ఏడేళ్ల పిల్లకు అరక అంటే ఏమిటో చెప్పడానికే సగం తరగతి అయిపోతుంది.

ఈ వరుస మార్చాలి. పిల్లల చెవికి ఇప్పటికే తెలిసిన మాటతో మొదలుపెట్టి, ఆ మాటలోంచి అక్షరానికి వెళ్లాలి.

మన చేతిలో ఉన్న సమయం ఎంతో ముందు లెక్క వేసుకుందాం. దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే అమెరికా విదేశాంగ శాఖ సంస్థ తెలుగును కష్టమైన భాషల జాబితాలో పెట్టింది. ఉద్యోగానికి సరిపడా భాష రావాలంటే 44 వారాలు, 1,100 గంటల తరగతులు కావాలని దాని అంచనా. మన బడి వారానికి గంటన్నర, ఏడాదికి 35 వారాలు అనుకుంటే యాభై రెండున్నర గంటలు వస్తాయి. ఆ చొప్పున 1,100 గంటలు పూర్తి కావాలంటే ఇరవై ఏళ్లు దాటుతుంది.

అయితే ఆ లెక్క తెలుగు చెవిన పడని పెద్దవాళ్లది. మన పిల్లల సంగతి వేరు. మరియా కరేరా, ఓల్గా కేగన్ అనే పరిశోధకులు అమెరికాలో ఇంటి భాషను చదువుకుంటున్న 1,700 మందికి పైగా విద్యార్థులను ప్రశ్నించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఏ భాష వాళ్లయినా తీరు దాదాపు ఒకటే: వినడం, మాట్లాడడం మెరుగ్గా ఉంటాయి, చదవడం రాయడం వెనకబడి ఉంటాయి. ఇంటి బయట ఆ భాష పెద్దగా వినపడదు. భాష మీద ఇష్టం మాత్రం ఉంటుంది. మన ఇళ్లలోనూ ఇదే చూస్తున్నాం. "పెరుగన్నం తింటావా?" అంటే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్లకు ప్రశ్న పూర్తిగా అర్థమైంది. కర్త పైకి కనపడకపోయినా అడిగింది తననేనని, అయిపోయిన పని గురించి కాదని, చివరి దీర్ఘం ప్రశ్నను సూచిస్తుందని ఆ పిల్లకు తెలుసు. పరాయి భాషగా తెలుగు నేర్చుకునేవాళ్లు ఆ పట్టు కోసం నెలల తరబడి కష్టపడతారు. అంతటి ఆస్తి ఉన్న పిల్లను "అ ఆ"ల దగ్గర కూర్చోబెట్టి, ఏమీ తెలియనట్టు మొదలుపెట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

లిపి తేలిక కాదు, ఒప్పుకుంటాను. తెలుగు లిపికి దగ్గరి చుట్టమైన కన్నడం చదివే పిల్లలపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అక్కడ ఇంటా బయటా ఆ భాషే వింటూ, రోజూ బడికి వెళ్లే పిల్లలకు కూడా అక్షరాలు పట్టుబడడానికి ఏళ్లు పడుతుందని, నాలుగో తరగతి దాకా అది సాగుతుందని ఆమె చూపించారు. వారానికి గంటన్నర చదివే మన పిల్లలు లిపి అంతా వచ్చేదాకా మాటల కోసం ఎదురుచూస్తే, అంతకుముందే బడి మానేస్తారు.

మరి ఎలా నేర్పాలి? బోర్డు మీద "పప్పు" అని రాయండి. బొమ్మ అక్కర్లేదు, అందరికీ తెలుసు. కింద "ఉప్పు" రాసి, రెండింటిలో మారనిది ఏదో చూపమనండి. "ప్పు" వాళ్లే పట్టుకుంటారు. తర్వాత కప్పు, చెప్పు, నిప్పు. అయిదు మాటలయ్యేసరికి ఒక హల్లు, దాని ఒత్తు, ఒక కొమ్ము వచ్చేశాయి. మొదటి అక్షరం మాత్రమే కొత్తది. తర్వాతి వారం బోర్డు ఖాళీగా ఉంచి, ఆ అయిదు మాటలూ చూడకుండా రాయమనాలి. ఈ చివరి మెట్టు చాలా ముఖ్యం. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఒకే అక్షరాన్ని పేజీ నిండా దిద్దితే చేతికి వంపు వస్తుంది, గుర్తు తెచ్చుకునే పని మాత్రం జరగదు.

ఇది పడమటి దేశాల నుంచి అరువు తెచ్చుకోవలసిన ఆలోచన కూడా కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. పిల్లవాడు వినే భాషకూ చదివే భాషకూ మధ్య దూరం ఉండకూడదని తెలుగు విషయంలోనూ జీవితాంతం పోరాడారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతి జరుపుకునే మనకు ఆయన పద్ధతి మీద హక్కు ఉంది.

వర్ణమాల వరుస అసలు వద్దని నేను అనడం లేదు. నిఘంటువు చూడడానికి, ధ్వనుల అమరిక తెలియడానికి అది కావాలి. అది రెండో ఏడాదిలో రానివ్వండి. అప్పటికి చాలా అక్షరాలు తెలిసినవే అయి ఉంటాయి. సెలవు రోజున వచ్చి, జీతం లేకుండా పాఠాలు చెప్పే మన ఉపాధ్యాయులకు కొత్త వరుసలో పాఠాలు తయారు చేసి ఇవ్వవలసింది బడులు నడిపే మన తెలుగు సంఘమే. ఆ బరువు వాళ్ల మీద వేయకూడదు.

వచ్చే విద్యా సంవత్సరం మన సంఘం ఒక్క తరగతినైనా ఈ తీరులో నడపాలని కోరుతున్నాను. ఏడాది చివర పిల్లలకు ఒకే పరీక్ష చాలు: అమ్మమ్మో తాతయ్యో తెలుగులో రాసి పంపిన నాలుగు వాక్యాల సందేశం చదివి, తెలుగులో జవాబు రాయాలి. పాత వరుసలో చదివిన తరగతికీ అదే పరీక్ష పెట్టి, రెండు ఫలితాలూ ఈ పత్రికలోనే ప్రచురించాలి.