జన్మదినం దొరికింది, బిడ్డ దొరకలేదు

తెలుగు టాకీ, అంటే మాటలాడే సినిమా, ఏనాడు పుట్టిందన్న విషయంలో మనం చూపిన పట్టుదలకు పంచాంగకర్తలు సైతం తలవంచవలసిందే. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని నమ్మి, ఆ రోజున దీపాలు వెలిగించి, శాలువాలు కప్పుకొని, వేదిక మీద కుర్చీ దక్కనివారు అలిగి వెళ్లిపోయేంత వైభవంగా వేడుకలు చేసుకున్నాం. తరువాత పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ రికార్డులూ తిరగేసి, ఆ చిత్రానికి సెన్సారు జరిగిందే 1932 జనవరి 22న అనీ, బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో అది ఫిబ్రవరి 6న తొలిసారి ప్రదర్శితమైందనీ తేల్చారు. ఇందులో కంగారు పడవలసినదేమీ లేదు. తల్లి కడుపులో ఉండగానే నారాయణ మంత్రం విన్న ప్రహ్లాదుడికి, పుట్టకముందే పుట్టినరోజు చేయడం శాస్త్రసమ్మతమే.

తేదీ మారడంతో చిన్న చిక్కు వచ్చిపడిన మాట మాత్రం నిజం. అదే దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, నాయకుడు తెలుగులో బదులిచ్చాడు. అంటే వెండితెర మీద మన భాష ముందుగా వినిపించింది తమిళ నాయికకు జవాబుగానన్నమాట. ఆ జవాబు ఏమిటో విని ఆనందిద్దామంటే ఆ చిత్రం లేదు. పోనీ ‘భక్త ప్రహ్లాద’ చూద్దామంటే అదీ లేదు. ఈ రెండింటికీ ముందు, 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో జనాన్ని విరగబడేలా చేసిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ కూడా లేదు. మైలురాళ్లన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి, కొట్టుకుపోయింది రోడ్డొక్కటే.

ఫ్రెంచివారికి ఈ సౌకర్యం లేదు. సినిమాకు ఆద్యులనిపించుకున్న లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో చూపిన చిత్రాలలో, ఫ్యాక్టరీ గేటు తెరుచుకొని పనివాళ్లు ఇళ్లకు పోయే దృశ్యం ఒకటి ఉంది. నిడివి నిమిషం కూడా లేని ఆ ముచ్చటను వాళ్లు మూడు సార్లు తీశారు. మూడూ భద్రంగా ఉన్నాయి. గేటులోంచి వచ్చే బండికి ఒక గుర్రం ఉన్నది ఒకటి, రెండు గుర్రాలున్నది ఒకటి, అసలు గుర్రమే లేనిది ఇంకొకటి అని పండితులు వాటిని గుర్తుపడతారు. వాళ్లు గుర్రాలను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, మనం హిరణ్యకశిపుడినీ స్తంభాన్నీ సాక్షాత్తూ నరసింహస్వామినీ కూడా పోగొట్టుకొని నిశ్చింతగా ఉన్నాం.

దీన్ని నిర్లక్ష్యమనడం అన్యాయం. ఆనాటి నైట్రేట్ ఫిలిం ఒక్క నిప్పురవ్వకే భగ్గుమనేది, పైగా దాని పూతలో వెండి ఉండేది. ఆట అయిపోయిన చిత్రం బీరువాలో ఉంటే చోటు దండగ, కరిగిస్తే నాలుగు రాళ్లు. వెండితెర అన్న మాటను ఇంత అక్షరాలా పాటించిన పరిశ్రమ ఇంకొకటి ఉండదు. పూణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ 1964లో తలుపులు తెరిచేనాటికి ఆ కరిగింపు చాలావరకు పూర్తయింది.

ఈ విషయంలో నేను కొంత గర్వపడడానికి హక్కుంది. చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసు ఆపరేటరు తెగిన ఫిలిం ముక్కలు పారేస్తే, ఏరుకొచ్చి జామెట్రీ పెట్టెలో దాచేవాణ్ణి. మధ్యాహ్నం ఎండను అద్దంతో గదిలోకి మళ్లించి, భూతద్దం ఎదుట ముక్క పట్టుకుంటే, నాయనమ్మ చీర మీద హీరోగారు తలకిందులుగా నిలబడేవారు. పదకొండు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. మన తొలి మూడు టాకీలలో మిగిలిన నిడివికన్నా నా సేకరణ పెద్దదని సవినయంగా మనవి.

చివరగా ఒక విజ్ఞప్తి. జన్మదినం సంగతి తేలింది గానీ, ఆఖరి ప్రింటు ఏనాడు పోయిందో ఎవరూ రాసిపెట్టలేదు కనుక వర్ధంతికి తేదీ లేదు. దండలు, దీపాలు, శాలువాలు సిద్ధంగానే ఉన్నాయి. సెప్టెంబరు 15 ఎలాగూ ఖాళీ అయింది కాబట్టి, ప్రభుత్వం దాన్నే ఖాయం చేయగలదు.