పాత న్యూస్ పేపర్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా న్యూస్ పేపర్ గారూ, నమస్కారం.

మీరు మా ఇంట్లో ఎన్ని రకాలుగా పనికొచ్చారో మర్చిపోలేదు. బీరువా అరల్లో పరుచుకున్నారు, కిటికీ అద్దాలు తుడిచారు, ఎండాకాలం కరెంట్ పోతే విసనకర్ర అయ్యారు, ఇంకు కడుపులోకి పోతుంది బాబూ పేపర్లో తినేవి కట్టకండి అని ఫుడ్ సేఫ్టీ వాళ్ళు మొత్తుకుంటున్నా మా వీధి చివర మిర్చి బజ్జీ బండాయన ఇప్పటికీ మిమ్మల్ని వదల్లేదు. ఇదంతా ఓకే. కానీ మా కుక్కపిల్ల లడ్డుగాడికి ఒంటికీ రెంటికీ ఎక్కడికెళ్ళాలో నేర్పే మాస్టారి ఉద్యోగం కూడా తీసుకెళ్ళి మీకే ఇచ్చారు చూడండి మా ఇంట్లోవాళ్ళు, ఈ ఉత్తరం దాని గురించే.

లడ్డు మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోనే పుట్టాడు, పక్కా ఇండీ, అంటే మన వీధి కుక్కల జాతే. రెండో నెలలో నాలుగో ఫ్లోర్‌కి ప్రమోషన్ వచ్చింది. వచ్చిన వారంలోనే డాక్టర్ గారు పార్వో (కుక్కపిల్లల ప్రాణం మీదకి తెచ్చే వైరస్) వ్యాక్సిన్ కోర్స్ అయ్యేదాకా, అంటే ఇంచుమించు నాలుగు నెలలు నిండేదాకా, వేరే కుక్కలు తిరిగే చోట కిందికి దించొద్దన్నారు. సెల్లార్లో పుట్టినోడికి సెల్లార్ నిషేధం, సర్లే. మరి ఆ వయసు పిల్ల ఎంతసేపు ఆపుకోగలదు? నెల వయసుకో గంట చొప్పున లెక్క వేస్కోండి అంటారు, అదీ ఉజ్జాయింపే. నిద్ర లేవగానే ఒకసారి, తిన్నాక ఒకసారి, ఆడుతూ ఆడుతూ ఠక్కున ఆగి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలెట్టాడంటే ఇంకోసారి, ఆ టైంలో ఎత్తుకుని పరిగెత్తి లిఫ్ట్ బటన్ నొక్కి నించుంటే మన చొక్కా తడవడం ఖాయం. అందుకే హాల్లో బాల్కనీ తలుపు దగ్గర మిమ్మల్ని పరిచారు. కింద జిల్లా ఎడిషన్, పైన మెయిన్ పేపర్.

మీరు పని బానే చేశారండీ, కాదనను. అసలు తంటా అక్కడే. కుక్కపిల్ల ఆ వయసులో నేర్చుకునేది ఇది హాలు, ఇది బాల్కనీ అని కాదు, కాళ్ళకింద ఏది తగిలితే అక్కడ కానిచ్చెయ్యాలి అని. గడ్డి అలవాటైనోడు గడ్డి వెతుక్కుంటాడు, మట్టి అలవాటైనోడు మట్టి, మీరు అలవాటైనోడు మిమ్మల్నే వెతుక్కుంటాడు. ఆ మూలన ఉన్న మీరు వేరు, మా మామగారి చేతిలో ఉండే మీరు వేరు అని వాడికెవరైనా చెప్పారా?

మామగారి పొద్దుటి ప్రోగ్రాం మీకు తెలిసిందేగా. పడక్కుర్చీ, కాఫీ, మీరు. ఆ రోజు చదివినంత చదివి మెయిన్ పేపర్ కుర్చీ పక్కన కింద పెట్టి రెండో కాఫీకి కేకేసేలోపు మావాడు వచ్చాడు, వాసన చూశాడు, రెండు చుట్లు తిరిగాడు, సంపాదకీయం మీద తన అభిప్రాయం తెలియజేశాడు. సరిగ్గా మధ్యలో, నేల మీద ఒక్క చుక్క పడకుండా! ఎక్కడైనా ఫస్ట్ క్లాస్‌లో పాసవ్వాల్సిన పని అది. మామగారేం చేశారు? పక్కనున్న స్పోర్ట్స్ పేజీ చుట్టగా చుట్టి వీపు మీద ఒక్కటిచ్చారు.

నాకు మీ మీద కోపం ఇక్కడే. మరుగుదొడ్డీ మీరే, బెత్తమూ మీరేనా? పరిస్తే ‘రా నాన్నా కూర్చో’, చుడితే ‘కూర్చున్నావంటే తంతా’. ఏ గవర్నమెంట్ ఆఫీసులోనైనా కనీసం దానికీ దీనికీ వేర్వేరు కౌంటర్లు పెడతారండీ.

దెబ్బ తిన్న లడ్డు చెవులు వెనక్కేసి తోక కాళ్ళ మధ్య పెట్టి చూపు పక్కకి తిప్పేశాడు. “చూశావా, తప్పు చేశానని దానికే తెలుసు” అన్నారు అత్తగారు. నేను ఊరుకోకుండా, 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అని న్యూయార్క్‌లో ఒకావిడ సరిగ్గా ఈ మొహం మీదే రీసెర్చ్ చేసిందత్తయ్యా, వద్దన్న తిండి కుక్క తిన్నా తినకపోయినా సరే ఓనర్ తిడితే చాలు ఆ మొహం వచ్చేస్తుందట, తప్పుకీ దానికీ సంబంధం లేదట అని చెప్పా. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, “మీ మామయ్యకీ అంతేనే, ఏం చెయ్యకపోయినా నేను గొంతు పెంచితే ఇదే మొహం” అన్నారు. ఇంక ఆ టాపిక్ ముందుకెళ్ళలేదు.

ఇంతకీ మీ బెత్తం వల్ల వాడు నేర్చుకుంది ఏంటంటే, మామగారి ముందు పొయ్యకూడదు అని. పొయ్యకూడదు అని కాదు. ఇప్పుడు సోఫా వెనక పోస్తున్నాడు. మేం ఫినాయిల్ కొట్టి తుడిచేసి అబ్బ ఎంత క్లీనో అనుకుంటాం. వాసన పట్టే రిసెప్టర్లు మన ముక్కులో 60 లక్షలుంటే మహా గొప్ప, వాడికి 20 కోట్ల పైమాటే, ఫినాయిల్ కింద నిన్నటి అడ్రస్ వాడికి స్పష్టంగా కనబడుతూనే ఉంటుంది. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది, ఆ వాసనొచ్చే పదార్థాన్నే విరగ్గొడుతుంది అది. ఫినాయిల్ చుట్టాలొచ్చినప్పుడు మన పరువు కోసం.

ఇంకోటి, మీ ఫస్ట్ పేజీ నిండా ‘100% వాస్తు’ అని ప్లాట్ల యాడ్స్ వేస్తారుగా. చెక్, జర్మనీ సైంటిస్టులు 70 కుక్కల్ని గమనించి 2013లో ఒక పేపర్ వేశారు (మీలాంటి పేపర్ కాదులెండి), భూమి అయస్కాంత క్షేత్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు కుక్కలు ఒళ్ళు ఉత్తర దక్షిణాలకి పెట్టుకుని రెంటికి కూర్చోడానికి ఇష్టపడతాయట. మరుసటేడు దీనికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే రీసెర్చ్‌లకిచ్చే సరదా ప్రైజు) కూడా ఇచ్చారు. ఇది విన్నప్పట్నుంచి మామగారు ఫోన్‌లో కంపాస్ పట్టుకుని వాడి వెనకాలే తిరుగుతున్నారు, వాడికేమో ఎవరైనా చూస్తుంటే రాదు.

ఇక విషయానికొస్తా. మిమ్మల్ని ట్రాన్స్‌ఫర్ చేస్తున్నాం. రోజుకి కొంచెం చొప్పున హాల్లోంచి బాల్కనీలోకి జరుగుతారు. అక్కడ ట్రేలో మట్టీ గడ్డీ వేసి పెట్టాం, మీలో తడిసిన ముక్క ఒకటి చింపి అందులో పెడతాం, వాడికి కొత్త ఆఫీస్ అడ్రస్ తెలియాలిగా. పని కాగానే అక్కడికక్కడే, లోపలికొచ్చాక కాదు, చిన్న ముక్క ఉడకేసిన చికెన్. వ్యాక్సిన్లన్నీ అయ్యాక లిఫ్ట్‌లో కిందికి. లిఫ్ట్‌లో కుక్కలకి ఎంట్రీ లేదని గ్రూపులో మెసేజ్ పెట్టే పెద్దాయనొకరున్నారు, ఆయనకి యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ 2015లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రింట్ తీసి రెడీగా పెట్టా, కుక్కల్ని లిఫ్ట్ ఎక్కనివ్వం అనడం కుదరదని అందులో ఉంది. కుక్క వెనకాల శుభ్రం చేసే బాధ్యత ఓనర్లు తీసుకోవాలని కూడా ఉందనుకోండి, ఆ పని కోసం మీలో రెండు షీట్లు జేబులో పెట్టుకుంటాం. చుట్టగా చుట్టడం మాత్రం ఇవాళ్టి నుంచి బంద్.

ఇట్లు,
నాలుగో ఫ్లోర్‌లో తడిగుడ్డ డ్యూటీ చేస్తున్న కోడలు

తా.క. తడిస్తే తూకానికి బరువొస్తాయి కదా అని మావారు మీ వాడేసిన షీట్లు కొన్ని మూటలో కలిపేస్తే పాత పేపర్లాయన గుమ్మం బయటే వాసన పట్టేసి మూట మొత్తం రిజెక్ట్ చేశాడు. ఆయన ముక్కులో ఎన్ని కోట్లున్నాయో మరి.