వేలిముద్ర పడలేదంట, అందుకని శిక్షణ లేదంట

ఇప్పుడే ఇంటికొచ్చాను, ఇంకా అన్నం కూడా తినలేదు, ఇది రాసేస్తే గాని ముద్ద దిగదు. మా వదిన వాళ్ల డ్వాక్రా సంఘానికి జీడిపప్పు మీద సాంకేతిక సహాయం చేస్తామని మండలంలో మీటింగ్ పెట్టారు. నన్ను కూడా తోడు రమ్మన్నారు, ఎందుకంటే నాకు కంప్యూటర్ వచ్చని మా వీధిలో ఒక పుకారు ఉంది లెండి. పదింటికి వస్తానన్న సారు పన్నెండున్నరకి దిగారు, సరే, దానికి కోపం తెచ్చుకోవడం మానేసి చాలా కాలమైంది. గుమ్మం దగ్గర మిషన్ పెట్టి వేలిముద్ర పడితేనే హాజరు అన్నారు. మా వదిన బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, పడలేదు. వెనకాల ఉన్నోళ్లలో సగం మందివి పడలేదు. టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు తల కూడా ఎత్తకుండా "చేతులు శుభ్రంగా కడుక్కుని రండమ్మా" అన్నాడు.

కడుక్కుని రావాలంట!!

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో మా జీడి, కొబ్బరి తోటల ప్రాంతం. ఇక్కడి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు గాని బయటోళ్లు కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నా. జీడి పిక్క కొడితే తొక్కలోంచి రసం వస్తుంది, అది చర్మాన్ని కాల్చేస్తుంది, నూనె రాసుకున్నా బూడిద రాసుకున్నా కొంతే ఆగుతుంది. ఏళ్ల తరబడి అదే పని చేస్తే వేళ్లు నల్లబడిపోయి గీతలన్నీ అరిగిపోతాయి. రేషన్ దగ్గరా ఇదే గొడవ, బ్యాంకు దగ్గరా ఇదే గొడవ. అంటే జీడి పని చేసేవాళ్ల కోసం పెట్టిన మీటింగ్‌లో జీడి పని చేసిన వేళ్లు చెల్లవన్నమాట. మా వదిన ఊరుకునే మనిషి కాదు, "ఏటి బాబూ, మా సేతులు ఇలాగున్నాయనే కదా మీరొచ్చినారు?" అంది. ఆ కుర్రాడు నవ్వాడు. చివరికి పేర్లు ఒక తెల్ల కాగితం మీద రాసుకుని, వెనక కూర్చోండి, సర్టిఫికెట్ మాత్రం రాదు అన్నారు. బ్యానర్ ముందు ఫొటోకి మాత్రం అందర్నీ పిలిచారు, ఫొటోకి వేలిముద్ర అక్కర్లేదు కదా.

లోపల తెర మీద బొమ్మలు, అన్నీ ఇంగ్లీషులో. సారు చాలా ఉత్సాహంగా "డబ్ల్యూ 320 అంటే ఏంటో మీలో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. మా వెనక వరసలో ఒక పెద్దమ్మ ఉంది, చిన్నప్పట్నుంచీ ఫ్యాక్టరీలో పప్పు ఏరిన మనిషి, కళ్లు మూసుకుని చేత్తో తడిమి ఇది 240, ఇది 320 అని వేరు చేసేస్తుంది. పౌనుకి దగ్గర దగ్గర 320 గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగితే 320 అని ఆవిడ చెప్పబోతుంటే సారు వినకుండా తెర మీదున్నది చదివేశారు. చేపకి ఈత నేర్పడానికి టీఏ డీఏ కూడా తీసుకుంటారని ఇవాళే చూశాను. తర్వాత గ్లోవ్స్ వేసుకోండి అన్నారు. మంచి మాటే. గ్లోవ్స్ వేసుకుంటే చెయ్యి ఆడదు, కూలి కేజీ లెక్కన కదా సారూ, తగ్గిన కేజీలు ఎవరిస్తారు అని ఒకావిడ అడిగితే "ఆరోగ్యం ముఖ్యం అమ్మా" అన్నారు. ఒక రైతు లేచి, 80 కేజీల పిక్కల బస్తాకి 16 వేలు ఇవ్వమని రోడ్డెక్కి ధర్నాలు చేశాం, ఆఫ్రికా పిక్కలు దిగుతుంటే మా పిక్కలు అడిగేవాడు లేడు, దానికేమన్నా చెప్పండి అన్నాడు. అది మా సబ్జెక్ట్ కాదు అన్నారు.

మరి సబ్జెక్ట్ ఏంటయ్యా అంటే, డీపీఆర్. అదే, లోను కోసం బ్యాంకుకి ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టు.

ఈ డీపీఆర్ అనే మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. పథకం చెడ్డదని నేననట్లేదు. కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ ఉంది కదా, చిన్న చిన్న ఆహార యూనిట్లకి 35 శాతం సబ్సిడీ, 10 లక్షల దాకా, మనం పెట్టుకోవాల్సింది 10 శాతం, మిగతాది బ్యాంకు లోను. సంఘం ఆడవాళ్లకి మనిషికి 40 వేల దాకా మొదటి పెట్టుబడి కూడా రాసుంది. కాగితం మీద ఎంత బాగుందో! పైగా డీపీఆర్ రాయడానికి, బ్యాంకుకి తిప్పడానికి, లైసెన్సులు ఇప్పించడానికి జిల్లాలో రిసోర్స్ పర్సన్లని పెట్టారు, వాళ్లకి ప్రభుత్వమే ఇస్తుంది, మనం పైసా ఇవ్వక్కర్లేదు. ఇక్కడే ఉంది మెలిక. వాళ్లకి జీతం లేదు, ఒక లోను పాసైతే 20 వేలు, పాసవ్వకపోతే సున్నా. ఇప్పుడు మీరే చెప్పండి, మీరు ఆ ఉద్యోగంలో ఉంటే ఎవరింటికి వెళ్తారు? జీఎస్టీ, సిబిల్ (అప్పు తీర్చిన చరిత్ర స్కోరు), పొలం కాగితాలు అన్నీ ఫైల్లో రెడీగా పెట్టుకున్న ఫ్యాక్టరీ ఓనర్ ఇంటికా, పాన్ కార్డులో ఒక పేరు ఆధార్‌లో ఇంకో పేరు ఉన్న మా వదిన ఇంటికా? ఆ కుర్రాళ్లని నేను తిట్టను, పొట్టకూటి కోసం తిరుగుతున్నారు. ఈ లెక్క రాసినవాడు ఎవడో ఒక్కసారి మా ఊరొచ్చి మా వదిన చేత ఒక్క ఫారం నింపించి చూపించమనండి. ఫారం నింపగలిగినోళ్లకి సహాయం అక్కర్లేదు, సహాయం కావాల్సినోళ్లకి ఫారం నింపడం రాదు, మధ్యలో వీళ్లు సదస్సులు పెట్టి సమోసాలు తిని వెళ్లిపోతారు. ఇవాళ సమోసాలు కూడా చల్లారిపోయినవే.

సంఘం దరఖాస్తు ఇదివరకే పెట్టాం, "ఫార్మాట్ ప్రకారం లేదు" అని తిరిగొచ్చింది. ఫార్మాట్ ఏదండీ అంటే నిపుణులతో రాయించుకోండి అన్నారు. మరి ఇవాళ తెర ముందు నిలబడ్డది ఎవరు, పెళ్లివారా?

అసలు మనకి నిపుణులు తక్కువయ్యారా? ఉద్దానంలో నిపుణులు అడుగుపెట్టని ఊరుందా? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా ఎవరో ఒకరు వచ్చి రక్తం తీసుకున్నారు, మూత్రం తీసుకున్నారు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇదీ కారణం అని ఇవాళ్టికీ ఖాయంగా తేల్చినోళ్లు లేరు. మా నాన్న కూడా చెయ్యి చాపి రక్తం ఇచ్చాడు, రిపోర్టు ఏమైందో చెప్పడానికి ఒక్కడూ మళ్లీ రాలేదు, తర్వాత చెప్పినా వినడానికి మా నాన్న లేడు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగే నీళ్లు వచ్చాయి, కాదనను. కానీ అవి రావడానికి ముందు ఎన్ని ఏళ్లు మమ్మల్ని శాంపిల్‌గానే చూశారు!

డబ్బుల సంగతీ అంతే. రాష్ట్ర విభజన తర్వాత ఉత్తరాంధ్ర, రాయలసీమ 7 వెనకబడిన జిల్లాలకి ఏడాదికి జిల్లాకి 50 కోట్లు అని కేంద్రం వాళ్లు అన్నారు, మూడేళ్లు ఇచ్చారు, 2018 ఫిబ్రవరిలో నాలుగో విడత 350 కోట్లు ఖాతాలో వేసి కొన్ని రోజులకే వెనక్కి లాగేసుకున్నారు. వేసిన డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఏ డీపీఆర్ రాశారో, అది మాత్రం ఏ ఫార్మాట్ లోపం లేకుండా పాసైపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి జీడి, కొబ్బరి తోటలు నేలమట్టం చేసింది. పక్కన విజయనగరాన్ని ఆకాంక్షాత్మక జిల్లా, అంటే కేంద్రం ఎంచి ర్యాంకులిచ్చే వెనకబడ్డ జిల్లా, అన్నదీ ఆ ఏడాదే, అక్కడ నా ఫ్రెండ్‌ని ఏమొచ్చిందిరా అంటే ర్యాంకులు వచ్చాయిరా అంటాడు.

"నెగెటివ్ మాటలు మానండి బ్రో, అవగాహన కూడా ముఖ్యమే" అని కామెంట్ పెట్టేవాళ్లు వస్తారని తెలుసు, వాళ్లు ఒక్క రోజు గ్లోవ్స్ లేకుండా పిక్కలు కొట్టి ఆ చేత్తోనే కామెంట్ టైప్ చేయండి.

ఇంక అసలు పని. పలాస, కాశీబుగ్గ, సోంపేట చుట్టుపక్కల డీపీఆర్ నిజంగా రాయడం వచ్చినోళ్లు, సీఏ చదువుతున్న పిల్లలైనా సరే, ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్‌కి రండి. ఫీజు ఇచ్చుకోలేం. జీడిపప్పు ఇస్తాం, విరగని గుండ్లే ఇస్తాం, బద్దలు కాదు. వేలిముద్ర అడగం.