లిస్టులో లేని రాయికి దిక్కెవరు?

మన నల్గొండ, పాలమూరు వైపు పాత గుడిని పాడుచేసినా, రాతి శాసనం పగలగొట్టినా అందరం అడిగేది ఒకటే: "పురావస్తు శాఖ ఏం చేస్తోంది?" కోపం న్యాయమే. కానీ ఆ శాఖకు చట్టం ఇచ్చిన అధికారం ఎంతో తెలియకుండా తిడితే, అసలు జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకుంటారు.

మా జిల్లాలో ఒక ఊరి శివాలయం ముందు శాసనం ఉంది. పైన సూర్యచంద్రులు, కింద పాత తెలుగు అక్షరాలు. కమిటీ వాళ్లు దానికి పసుపు ఎనామిల్ పెయింట్ రెండు పూతలు వేశారు. గాట్లలో రంగు గడ్డకట్టి ఇప్పుడు నెలవంక తప్ప ఏమీ తెలియదు. "రంగు వేస్తే మంచిగ కనవడ్తది గద సార్" అన్నాడు ఒక పెద్దాయన. భక్తితోనే చేశారు, ఆయన్ని ఏమీ అనలేకపోయాను. సంబంధిత ఆఫీసుకు ఫోన్ చేస్తే, "సార్, అది మా లిస్టుల లేదు" అని పెట్టేశారు.

చట్టం లెక్కన ఆ మాట నిజమే, నా బాధంతా అక్కడే. కేంద్రం 1958లో చేసిన చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కట్టడమో, శాసనమో పురాతనమే. అయితే పురాతనం కావడం వేరు, రక్షణ దొరకడం వేరు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి, ఆ తర్వాతే అది రక్షిత కట్టడం. తెలంగాణ 2017లో సొంత వారసత్వ చట్టం చేసుకుంది. అక్కడా ప్రకటన లేనిదే పని జరగదు.

ప్రకటించాక మాత్రం కేంద్ర చట్టానికి పళ్లుంటాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర రక్షణలో ఉన్నాయి. 2010 సవరణ తర్వాత అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. కట్టడాన్ని ధ్వంసం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ 100 మీటర్లలో పాత ఇల్లున్న కుటుంబం గోడ మరమ్మతుకూ అనుమతి కోసం తిరగాలి. వాళ్ల ఇబ్బంది చిన్నదేం కాదు, ఆ అనుమతులు త్వరగా ఇవ్వాల్సిందే.

అంటే ఒకచోట గోడకు సిమెంటు పూయాలన్నా కాగితం కావాలి, ఇంకోచోట కాకతీయుల కాలం రాయి మీద ఎనామిల్ పూసినా అడిగే నాథుడు లేడు. తేడా ఒక్క గెజిట్ కాగితమే.

నారాయణపేట జిల్లా ముడుమాలలో ఆదిమానవులు నిలబెట్టిన నిలువురాళ్లు 2025లో, ప్రపంచ వారసత్వ హోదాకు పోటీపడే యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషించాను. కానీ ఆ జాబితా దానంతట అది ఏ రాయికీ చట్టపరమైన కాపలా పెట్టదు. కాపలా మన చట్టాలే పెట్టాలి, మన ప్రభుత్వమే పెట్టాలి.

ఇక "లిస్టులో లేదు" అన్న మాటకు వస్తాను. ఆ లిస్టు ఎవరు తయారు చేస్తారు? ప్రభుత్వమే. కొత్త పేరు చేర్చే అధికారం ఎవరిది? ప్రభుత్వానిదే. అలాంటప్పుడు ఫిర్యాదు చేసినవాడికి ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేయడం ఏం న్యాయం? ఫిర్యాదు రాసుకుని, మనిషిని పంపి చూసి, ప్రతిపాదన పైకి పంపమనండి. సిబ్బంది చాలకపోతే ఆ మాటే రాతపూర్వకంగా చెప్పమనండి, ప్రజాప్రతినిధులను అడుగుతాం. ఆలోగా దేవాదాయ శాఖ కింద ఉన్న పాత గుళ్లలో రంగులు, టైల్స్ పనులకు ముందు పురావస్తు శాఖ మాట తీసుకోవాలని ఒక్క సర్క్యులర్ ఇస్తే ఎన్ని శాసనాలు బతుకుతాయో!

పొలం దున్నుతుంటే నాణేలైనా, విగ్రహమైనా బయటపడితే మాత్రం లిస్టుతో పని లేదు. దానికి వేరే నిధుల చట్టం ఉంది. ఆ సంగతి కలెక్టర్‌కు తెలపాల్సిందే.

మీ ఊళ్లో శాసనం ఉంటే ఫొటో తీయండి, సర్వే నంబరు రాసుకోండి, వీలైతే గ్రామసభలో తీర్మానం చేయించండి. అన్నీ జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. దరఖాస్తులో "రక్షిత కట్టడంగా ప్రకటించాలి" అని స్పష్టంగా రాయండి. రసీదు తీసుకోకుండా మాత్రం రావద్దు.